పాతపాఠము, క్రొత్తపనిముట్లు

చేతిఫోనునకు ఆండ్రాయిడ్ ప్రోగ్రాములు వ్రాయఁగోరు విద్యార్థికి మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో తరచుగా దొరకునది పాతపుస్తకమే. అందలి నమూనాను అక్షరము తప్పక ఎక్కించినను నేటి ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎఱ్ఱని పంక్తులు కనఁబడును. అంతట బాలుఁడు "ఈ విద్య నాకు రాదు" అని పుస్తకము మూయును. కాని తప్పు వానిది కాదు, పుస్తకమునదియుఁ గాదు. నడుమ కాలము గడచినది.

దీనికి మన ప్రాంతమే దృష్టాంతము. పూర్వపు పటములలో సూర్యాపేట, కోదాడల మీఁదుగా విజయవాడకుఁ బోవు బాట 9వ నంబరు జాతీయరహదారి. 2010 నాఁటి మార్పుచే అది 65వది యయ్యెను. 2016లో సూర్యాపేట ప్రత్యేకజిల్లా కాఁగా కోదాడ దానఁ జేరెను. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచెను. పేరులు మాఱెనుగాని ఊళ్లు కదలలేదు. పాతపటమును చింపనక్కఱలేదు, సవరించుకొన్నఁ జాలును.

ప్రోగ్రాము సంగతియు నిట్టిదే. దానిని కట్టు పనిముట్టు పేరు గ్రేడిల్. అందు 'కంపైల్' అను మాటకు బదులుగా 2017 నుండి 'ఇంప్లిమెంటేషన్' అని వ్రాయవలసివచ్చెను. 2021 నాఁటి 7వ గ్రేడిల్ పాతమాటను బొత్తిగాఁ దీసివేసెను. సపోర్ట్ లైబ్రరీ స్థానమున 2018లో ఆండ్రాయిడ్‌ఎక్స్ వచ్చెను. జేసెంటర్ అను భాండారమును మూసివేయుదుమని 2021లోఁ బ్రకటించిరి. కావున గూగుల్, మావెన్ సెంట్రల్ భాండారములను పేర్కొనవలెను. 2023 నాఁటి 8వ ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్‌కు జావా 17 కావలెను. 'నేమ్‌స్పేస్' పంక్తియు నుండవలెను.

అన్నియుఁ బేరుమార్పులే కావు. 2015లో వచ్చిన 6వ ఆండ్రాయిడ్ మొదలు, కెమెరా వంటివానికి ప్రోగ్రాము నడచుచుండఁగనే ఫోను యజమాని యనుమతి నడుగవలెను. పాతనమూనా కట్టుబడియు ఇచ్చట నాఁగిపోవచ్చును.

కావున విద్యార్థులారా, మొదట నమూనాకు నకలు తీసి భద్రపఱచుఁడు. పిదప మొట్టమొదటి తప్పును మాత్రము నెమ్మదిగాఁ జదువుఁడు. తక్కినవి తఱచుగా దాని సంతానమే. ఒక్కటి సవరించి మరలఁ గట్టిచూడుఁడు. పదిమార్పు లొక్కమాఱు చేసినచో మేలు దేనివలనఁ గలిగెనో, కీడు దేనివలనఁ గలిగెనో తెలియదు. ప్రతి సవరణను నోటుపుస్తకమున వ్రాసికొనుఁడు. మీ వెనుక వచ్చు తమ్మునికిఁ జెల్లెలికి నదియే పాఠమగును.

తల్లిదండ్రులారా, బిడ్డ యొక్కపంక్తికై సాయంకాలమంతయుఁ గూర్చున్నచో కాలము వ్యర్థమయ్యెనని తలంపకుఁడు. ఒకరు వ్రాసినదానిని చదివి బాగుచేయనేర్చినవాఁడే తనది తాను వ్రాయఁగలఁడు.