కోచింగ్ తర్వాతా? కోచింగ్ వల్లనా?

2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ కేంద్రాల ప్రకటనలకు మార్గదర్శకాలు విడుదల చేసింది. ఎంపికైనవాళ్ల శాతం గురించీ ఉద్యోగ భద్రత గురించీ అబద్ధాలు చెప్పకూడదు. అభ్యర్థి ఎంపికయ్యాక, అతని రాతపూర్వక అనుమతితోనే పేరూ ఫొటో వాడాలి. అతను చదివింది ఏ కోర్సో, ఎంతకాలమో కూడా ప్రకటనలో ఉండాలి. ఎప్పుడో రావలసిన నిబంధనలు ఇవి. కానీ అబద్ధాన్ని ఆపినంత మాత్రాన సమస్య తీరదు. అమీర్‌పేటలోనో ఆన్‌లైన్‌లోనో ఒక డేటా సైన్స్ కోచింగ్ సంస్థ 'మా దగ్గర చేరినవాళ్లలో ఇంతమందికి ఉద్యోగాలొచ్చాయి' అని చెప్పిన అంకె అక్షరాలా నిజమే అనుకుందాం. ఆ నిజమైన అంకె నుంచి కూడా కోచింగ్ పనిచేసిందో లేదో తేల్చలేం.

పైథాన్, ఎస్‌క్యూఎల్, స్టాటిస్టిక్స్, కొంత మెషీన్ లెర్నింగ్, రెజ్యూమె దిద్దడం, మాక్ ఇంటర్వ్యూలు: ఈ కోచింగ్‌లో సాధారణంగా ఉండేవి ఇవి. వాటి సంగతి అలా ఉంచి లెక్కలోకి వెళదాం. ఒక అభ్యర్థికి ఒక్కో ఇంటర్వ్యూలో ఎంపికయ్యే అవకాశం 10 శాతమే అనుకుందాం. అతను కొత్తగా ఏమీ నేర్చుకోడు, ఎవరూ సాయపడరు. ఒక ఇంటర్వ్యూ ఫలితానికీ మరొకదానికీ సంబంధం లేదనుకుంటే, పది ఇంటర్వ్యూలు పూర్తయ్యేసరికి కనీసం ఒక ఉద్యోగం దొరికే అవకాశం 65 శాతం, ఇరవై పూర్తయ్యేసరికి 88 శాతం. 0.9ని ఇరవైసార్లు హెచ్చవేస్తే 0.12 వస్తుంది, ఒకటిలోంచి దాన్ని తీసేస్తే మిగిలేది 0.88. అంటే ఇలాంటివాళ్లను వందమందిని చేర్చుకుని ఏమీ నేర్పకుండా ఇరవై ఇంటర్వ్యూలయ్యేదాకా ఆగినా, ఎనభై ఎనిమిది మంది ఫొటోలు గోడకెక్కుతాయి. కాకి వాలింది, తాటిపండు రాలింది. ఆ రాలడంలో కాకి బరువు పాలెంతో చూపించే లెక్క మాత్రం ఎక్కడా లేదు.

దీనికి ఇంకో మెలిక ఉంది, ఈ విషయంలో అన్నిటికన్నా అందమైన భాగం అదే. కోచింగ్‌లో ఎవరు, ఎప్పుడు చేరతారు? ఎక్కువగా వరసగా నాలుగు తిరస్కారాలు ఎదురైనప్పుడు, ఉన్న ఉద్యోగం పోయినప్పుడు. అంటే తమ మామూలు స్థాయికన్నా కింద ఉన్న సమయంలో. ఆర్థికవేత్త ఆర్లీ ఆషెన్‌ఫెల్టర్ 1978లో అమెరికా ప్రభుత్వ శిక్షణ పథకాల్లో చేరినవాళ్ల ఆదాయాలు పరిశీలించి, చేరడానికి ముందటి ఏడాది ఆ ఆదాయాలు పడిపోయి ఉండటం గమనించాడు. 'ఆషెన్‌ఫెల్టర్ డిప్' అని పేరుపడిన గుంట అదే. గుంటలో పడ్డ మనిషి మామూలు స్థితికి చాలావరకు తనంతట తనే తిరిగొస్తాడు. శిక్షణకు ముందు, తర్వాత ఆదాయాలను పోల్చి చూస్తే ఆ తిరిగిరావడమంతా శిక్షణ ఖాతాలో జమవుతుంది. 1886లో శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తులనూ పిల్లల ఎత్తులనూ కొలిచి చూపించిన 'సగటు వైపు మళ్లడం' కూడా ఈ కుటుంబంలోదే. అది తెలిశాక కూడా పెద్దవాళ్లు బోల్తాపడ్డారు. 1933లో హొరేస్ సెక్రిస్ట్ అనే అమెరికన్ ప్రొఫెసర్ అగ్రశ్రేణి వ్యాపారాలు కాలక్రమంలో సగటుకు దిగజారుతున్నాయని, పట్టికల మీద పట్టికలతో పెద్ద గ్రంథమే రాశాడు. గణాంకవేత్త హెరాల్డ్ హోటెలింగ్ దాన్ని సమీక్షిస్తూ, ఇది వ్యాపార సూత్రం కాదు, గణితం వల్ల తప్పనిసరిగా జరిగేదేనని తేల్చేశాడు. ఏళ్ల శ్రమ ఒక్క సమీక్షతో కూలిపోయింది.

'అయితే చేరనివాళ్లతో పోల్చి చూస్తే సరిపోతుంది కదా' అనవచ్చు. సరిపోదు. చేరనివాళ్లు వేరే రకం మనుషులు. చేతిలో డబ్బు, పట్టుదల, ఖాళీ సమయం అన్నీ తేడాయే. 1986లో ఆర్థికవేత్త రాబర్ట్ లలోండ్ దీన్ని తిరుగులేకుండా రుజువు చేశాడు. అమెరికాలో 1970లలో ఒక ఉపాధి శిక్షణ పథకం అర్హులను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసి, ఒక వర్గానికే శిక్షణ ఇచ్చింది. అలా వచ్చిన నిఖార్సయిన జవాబు చేతిలో ఉండగా, లలోండ్ లాటరీలో శిక్షణ దక్కని వర్గాన్ని పక్కనపెట్టి, మామూలు సర్వేల్లోని జనంతో పోల్చే పద్ధతులన్నీ ప్రయత్నించాడు. ప్రయోగంలో శిక్షణ వల్ల పురుషుల ఆదాయం పెరిగినట్టు తేలితే, ఆ పద్ధతుల్లో కొన్ని వేల డాలర్ల నష్టం చూపించాయి. ఆ డేటాను ఈనాటికీ కారణాలూ ఫలితాలూ విడదీయడం నేర్పే కోర్సుల్లో అభ్యాసానికి వాడుతున్నారు. డేటా సైన్స్ నేర్చుకునేవాళ్లు ఈ పాఠం మొదట ప్రయోగించవలసింది తాము కట్టబోయే ఫీజు మీదే.

ఇంకో గట్టి అభ్యంతరం ఉంది: నేర్పింది వృథా ఎలా అవుతుంది? వృథా అని నేననడం లేదు. రాని ఎస్‌క్యూఎల్ వస్తే ఆ 10 శాతం 15 కావచ్చు, అప్పుడు అదే పది ఇంటర్వ్యూలకు 65 శాతం 80 అవుతుంది. కోచింగ్ అసలు విలువ ఆ పదిహేను పాయింట్ల తేడాయే, మొత్తం 80 కాదు. ఫ్రాన్స్‌లో చదువుకున్న యువ నిరుద్యోగులకు ఉద్యోగ సాయం చేసే పథకం మీద ఆర్థికవేత్త ఎస్తర్ డఫ్లో తదితరులు జరిపిన భారీ ప్రయోగం 2013లో అచ్చయింది. ఎనిమిది నెలల తర్వాత సాయం పొందినవాళ్లకు స్థిరమైన ఉద్యోగాలు కొంచెం ఎక్కువ దొరికాయి. కానీ ఆ లాభం నిలవలేదు, పైగా అందులో కొంత సాయం అందని తోటివాళ్లను వెనక్కి నెట్టి వచ్చింది. ఉద్యోగాల కొరత ఉన్నచోట ఈ నెట్టుడు మరీ ఎక్కువ. ఒకే రకం ప్రాజెక్టుతో, ఒకే రకం రెజ్యూమెతో వేలమంది బారులు తీరే డేటా సైన్స్ రంగంలో ఇది ఆలోచించవలసిన ఫలితం.

ఇక ఆచరణ సంగతి. ఉద్యోగాల శాతం తీసే భాగహారంలో కింద ఏ సంఖ్య పెట్టారని ఎవరూ అడగకపోవడమే బాధ. అమెరికాలో డేటా సైన్స్ కూడా నేర్పిన బ్లూమ్‌టెక్ సంస్థ 86 శాతం దాకా ఉద్యోగాలని ప్రకటించుకుంది, అసలు రేటు 50కి దగ్గరని, కొన్ని బ్యాచుల్లో 30 దాకా పడిపోయిందని అక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2024లో ప్రకటించి చర్య తీసుకుంది. ఫీజు కట్టేముందు అడగాల్సినవి ఇవి: చేరింది ఎంతమంది, మధ్యలో మానేసినవాళ్లను లెక్కలో ఉంచారా, వచ్చినవి డేటా ఉద్యోగాలేనా, చేరకముందే అనుభవం ఉన్నవాళ్లు ఎందరు. మన మార్గదర్శకాలు ఈ నాలుగూ ప్రకటనలోనే ముద్రించి తీరాలని శాసించి ఉంటే బాగుండేది.