మీకు తెలుసా? ఊరి నడుమ రక్తక్షేత్రం

చేదు గతానికి గుర్తులు ఉంచాలా, తీసేయాలా? హిరోషిమాలో బాంబుకు శిథిలమైన గోపురాన్ని కూల్చేయాలని కొందరన్నారు. 1966లో నగర మండలి దాన్ని కాపాడాలనే తీర్మానించింది.

అలాంటి గుర్తు మన దగ్గరా ఒకటుంది. మంగళగిరికి దక్షిణాన, తెనాలి దాటితే చుండూరు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. మృతులను తోటి దళితులు దూరపు శ్మశానానికి తరలించకుండా దళితవాడ నడుమే సమాధి చేశారు. అదే ‘రక్తక్షేత్రం’. విచారణకు ప్రత్యేక కోర్టు కూడా ఆ ఊళ్లోనే నడిచింది.

2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా వదిలేసింది. తీర్పులు మారినా సమాధులు మాత్రం అక్కడే ఉన్నాయి. ఏటా ఆగస్టు 6న అక్కడ మృతులకు నివాళులర్పిస్తారు.