పసిపాపల ప్రాణరక్షణకు పలు శాస్త్రాల పొత్తు

ఢిల్లీ మహానగరానికి దక్షిణాన, హర్యానా రాష్ట్రంలోని ఫరీదాబాద్ వద్ద ఒక విశిష్ట పరిశోధనా సంస్థ ఉన్నది. ‘ట్రాన్స్‌లేషనల్ హెల్త్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్’ అనే ఈ సంస్థను కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ 2009లో నెలకొల్పింది. ‘ట్రాన్స్‌లేషన్’ అంటే అనువాదం. ఒక భాషలోని భావాన్ని మరొక భాషవారికి అందించినట్లే, ప్రయోగశాలలో తేలిన సత్యాన్ని మందుగానో, టీకాగానో, పరీక్షగానో మార్చి రోగికి అందించడమే ఈ సంస్థ ఆశయం. ఇక్కడ వైద్యులు, సూక్ష్మజీవి శాస్త్రవేత్తలు, జీవరసాయన శాస్త్రవేత్తలు, గణాంక నిపుణులు కలసి పనిచేస్తారు.

ఇన్ని శాస్త్రాలు ఒకచోట కూడవలసిన అగత్యం ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానం, సంస్థ పుట్టుకకు సుమారు పాతికేళ్ళ ముందు ఢిల్లీలో ఆరంభమైన ఒక టీకా చరిత్రలో లభిస్తుంది.

చక్రం వంటి వైరస్

పసిపిల్లలను పీడించే అతిసార వ్యాధికి అనేక కారణాలున్నాయి. వాటిలో అతి ముఖ్యమైనదానిని 1973లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో రూత్ బిషప్, ఆమె సహచరులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని సహాయంతో గుర్తించారు. ఆ వైరస్ చూడటానికి బండిచక్రంవలె ఉండటంచేత దానికి రోటావైరస్ అనే పేరు స్థిరపడింది. లాటిన్ భాషలో ‘రోటా’ అంటే చక్రం.

ఈ వైరస్ సోకిన శిశువుకు వాంతులు, నీళ్ళ విరేచనాలు పట్టుకొంటాయి. శరీరంలోని నీరు, లవణాలు హరించిపోతాయి. కళ్ళు లోతుకు పోతాయి, మాడు గుంటపడుతుంది. సకాలంలో చికిత్స అందకపోతే ప్రాణానికే ముప్పు. పరిశుభ్రమైన నీరు ఒక్కటే దీనిని అరికట్టజాలదు. సంపన్న దేశాల పిల్లలకు కూడా ఇది సోకుతూనే ఉంటుంది. అయితే అక్కడ వైద్యం అందుబాటులో ఉండటంవల్ల మరణాలు స్వల్పం. 2013లో ప్రపంచం మొత్తం మీద ఐదేళ్ళలోపు పిల్లలు సుమారు 2,15,000 మంది ఈ వ్యాధికి బలియైనారనీ, వారిలో ఐదవ వంతుకు పైగా భారతీయ శిశువులేననీ అంచనా.

పురిటి వార్డులో దొరికిన ఆధారం

1985-86 ప్రాంతంలో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో శిశువైద్య నిపుణులైన డాక్టర్ మహారాజ్ కిషన్ భాన్, ఆయన సహచరులు ఒక వింతను గమనించారు. అప్పుడే పుట్టిన శిశువుల మలంలో రోటావైరస్ కనిపించింది. కాని వారిలో అతిసార లక్షణాలు లేవు. ఆ పిల్లలను తరువాత కూడా పరిశీలించగా, రోటావైరస్ అతిసారం నుంచి వారికి కొంత రక్షణ లభించినట్లు తేలింది. అంటే ప్రకృతియే ఒక టీకాను తయారుచేసి ఉంచిందన్నమాట.

ఆ వైరస్‌కు 116ఇ అని పేరు పెట్టారు. రోటావైరస్ జన్యుపదార్థం పదకొండు ఖండాలుగా ఉంటుంది. 116ఇ లో పది ఖండాలు మానవ వైరస్‌వి కాగా, ఒకటి పశువుల వైరస్ నుంచి సంక్రమించినది. మానవుని చేయి పడకుండా సహజంగా ఏర్పడిన ఈ సంకరమే టీకాకు మూలబీజమయింది.

బీజం దొరికినంత మాత్రాన పంట చేతికి రాదు. శిశువైద్యుడు వైరస్‌ను కనుగొన్నాడు. దాని స్వభావాన్ని నిర్ణయించినవారు సూక్ష్మజీవి శాస్త్రవేత్తలు. దానిని కణాలపై పెంచి, నిర్దిష్ట ప్రమాణాలతో విరివిగా ఉత్పత్తి చేసే బాధ్యతను హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ స్వీకరించింది. విదేశీ శాస్త్రవేత్తలు, సంస్థలు సహకరించారు. ఆనాటి పురిటి వార్డుకూ, తుది పరీక్షకూ మధ్య పాతికేళ్ళు గడిచాయి.

2011లో ప్రారంభమైన ఆ పరీక్ష ఢిల్లీ, పుణే, వెల్లూరు కేంద్రాలలో 6,799 మంది శిశువులపై జరిగింది. వారిలో 4,532 మందికి టీకాను, 2,267 మందికి టీకామందు లేని ద్రవాన్ని నోటిద్వారా ఇచ్చారు. ఏ బిడ్డకు ఏది అందినదో తల్లిదండ్రులకు గాని, పరీక్షించే వైద్యులకు గాని తెలియదు. పక్షపాతానికి తావులేకుండా ఫలితాన్ని తేల్చే పద్ధతి ఇది. ఇక్కడ గణాంకశాస్త్రమే న్యాయనిర్ణేత. తొలి ఏడాదిలో తీవ్రమైన రోటావైరస్ అతిసారాన్ని ఈ టీకా సుమారు 56 శాతం మేరకు నివారించినట్లు వెల్లడైంది.

2014లో టీకాకు మనదేశంలో అనుమతి లభించింది. 2016 మార్చిలో ఆంధ్రప్రదేశ్, హర్యానా, హిమాచల్ ప్రదేశ్, ఒడిశా రాష్ట్రాలలో సార్వత్రిక టీకాల కార్యక్రమంలో దీనిని ప్రవేశపెట్టారు. 2019 నాటికి రోటావైరస్ టీకా దేశమంతటికీ విస్తరించింది.

మిగిలిన సగం

నూటికి 56 అన్న సంఖ్య కొందరికి నిరుత్సాహం కలిగించవచ్చు. వ్యాధి విస్తృతంగా ఉన్న దేశంలో ఆ మాత్రం రక్షణయే వేలాది ప్రాణాలను నిలుపుతుంది. అయినా మిగిలిన బిడ్డల మాటేమిటి? నోటిద్వారా ఇచ్చే టీకాలు సంపన్న దేశాల శిశువులలో పనిచేసినంతగా పేద దేశాలలో పనిచేయవు. పోషకాహార లోపం, పేగులలోని ఇతర సూక్ష్మజీవులు, తల్లినుంచి సంక్రమించిన ప్రతిరక్షకాలు ఇందుకు కారణాలు కావచ్చునని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఇది ఏ ఒక్క శాస్త్రమో పరిష్కరించగల చిక్కు కాదు.

డాక్టర్ భాన్ 2004 నుంచి 2012 వరకు బయోటెక్నాలజీ శాఖ కార్యదర్శిగా ఉన్నారు. ఫరీదాబాద్ సంస్థ రూపుదిద్దుకొన్నది ఆ కాలంలోనే. వైద్యుడూ శాస్త్రవేత్తా ఉత్పత్తిదారూ ఒకరినొకరు వెదుక్కోవడంలో ఏళ్ళు వ్యర్థం కాకుండా, వారిని ఆదినుంచీ కలిపి ఉంచాలన్న ఆలోచన దానికి పునాది. భాన్ 2020 జనవరిలో దివంగతులైనారు.

ఈ పద్ధతికి చక్కని నిదర్శనం ‘గర్భిణి’ అధ్యయనం. 37 వారాలు నిండకముందే జరిగే ప్రసవాన్ని అకాల ప్రసవం అంటారు. 2020లో మనదేశంలో సుమారు 30 లక్షల మంది శిశువులు ఇలా జన్మించారని అంచనా. దీనికి కారణాలను అన్వేషించడానికి 2015లో గురుగ్రామ్ ప్రభుత్వాసుపత్రిలో అధ్యయనం ప్రారంభమయింది. వేలాది గర్భిణులను తొలి మాసాలనుంచి ప్రసవానంతరం వరకు పరిశీలిస్తూ, వారి రక్తం తదితర నమూనాలను, అల్ట్రాసౌండ్ చిత్రాలను భద్రపరచారు.

గర్భం వయస్సును లెక్కించడానికి మన ఆసుపత్రులలో పాశ్చాత్య స్త్రీల కొలతల ఆధారంగా రూపొందిన సూత్రాలను వాడేవారు. గర్భం వయస్సు తప్పుగా తేలితే, బిడ్డ నెలలు నిండి పుట్టినదో లేదో చెప్పడమే కష్టం. చికిత్స కూడా దారి తప్పుతుంది. ఈ అధ్యయనంలో సేకరించిన వివరాలతో ఫరీదాబాద్ సంస్థ, మద్రాసు ఐ.ఐ.టి. కలసి భారతీయ స్త్రీలకు అనువైన సూత్రాలను రూపొందించాయి. ప్రసూతి వైద్యుల కొలతలకు ఇంజనీర్ల గణితం తోడైతేనే ఇది సాధ్యమయింది.

టీకా వచ్చినా తల్లిపాలు, శుభ్రమైన నీరు, అతిసారం సోకిన వెంటనే పట్టవలసిన ఓ.ఆర్.ఎస్. ద్రావణం అవసరం తగ్గలేదు. అయితే ఆరవ, పదవ, పధ్నాలుగవ వారాలలో బిడ్డకు టీకా వేయించే ప్రతి తల్లి చేతికీ నేడు ఒక అదనపు రక్షణ అందుతున్నది. ఢిల్లీలో పుట్టిన శిశువుల ద్వారా లభించి, హైదరాబాదులో తయారై, పుణే, వెల్లూరు బిడ్డల సహకారంతో నిగ్గుతేలిన ఆ రక్షణలో ఏ ప్రాంతం వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం.