4104 బైట్లలో మావయ్య సన్నాయి

మా మావయ్య దగ్గర యమహా డీఎక్స్7 ఉంది. 1983లో వచ్చిన మోడల్. ఆయన దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొని, ఆర్కెస్ట్రాతో టెక్కలి, పలాస అంతా తిప్పాడు. మొన్న కార్తీకమాసంలో రావివలస వెళ్లినప్పుడు ఆన్ చేసి, ఫంక్షన్ మోడ్‌లో 14వ బటన్ నొక్కాను. లోపలి బ్యాటరీ వోల్టేజ్ చూపించే బటన్ అది. 2.1 అని వచ్చింది. కొత్త బ్యాటరీ అయితే 3 ఉండాలి.

ఈ బ్యాటరీ కీబోర్డును నడపదు, లోపలున్న 32 సౌండ్ల మెమరీని కాపాడుతుంది అంతే. మన ఫోన్లలో ఫ్లాష్ మెమరీ లాంటిది కాదిది. బ్యాటరీ తీస్తే మొత్తం పోతుంది. ఆ 32లో ఒకటి మావయ్య సొంతంగా చేసిన సన్నాయి. ఎండల మల్లికార్జునుడి గుడి దగ్గర ప్రోగ్రాం కోసం చేశాడట. సౌండ్ పేరుకి 10 ఇంగ్లిష్ అక్షరాలే పడతాయి కాబట్టి స్వామి పేరు ‘ఎండల మల్’ దగ్గర ఆగిపోయింది.

“అది పోతే మళ్లీ చెయ్యలేన్రా. అప్పుడు ఏటేటి నొక్కానో నాకే తెల్దు” అన్నాడు.

అబద్ధం కాదు. ఇందులో రికార్డ్ చేసిన సన్నాయి ఉండదు. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ 1967లో కనిపెట్టిన ఎఫ్‌ఎం సింథసిస్ ఇది. ఒక సైన్‌వేవ్ ఇంకో సైన్‌వేవ్ ఫ్రీక్వెన్సీని వేగంగా ఊపితే కొత్త స్వరం పుడుతుంది. అలాంటి ఆపరేటర్లు 6, వాటిని కలిపే అల్గారిథమ్‌లు 32. ఒక్కో సౌండ్‌కి వందకు పైగా సెట్టింగులు, అన్నీ రెండు లైన్ల డిస్‌ప్లేలో ఒక్కొక్కటిగా మార్చుకోవాలి. నాకైతే అరగంటకే ఓపిక పోయింది.

సరే, బ్యాకప్. 8వ బటన్‌లో సిస్ ఇన్ఫో ‘అవైలబుల్’ పెట్టి, మిడీ కేబుల్‌తో లాప్‌టాప్‌కి ట్రాన్స్‌మిట్ కొట్టాను. సెకనున్నరలోపే ఫైల్ వచ్చేసింది. సైజు చూస్తే తక్కువ! 32 సౌండ్ల బ్యాంక్ కచ్చితంగా 4104 బైట్లు ఉండాలి. చవక యూఎస్‌బీ-మిడీ కేబుళ్లలో బఫర్ చిన్నది, పొడవాటి డేటా వస్తే మధ్యలో బైట్లు వదిలేస్తాయి. ‘ఫైల్ వచ్చింది కదా’ అని బ్యాటరీ పీకేసి ఉంటే? తల్చుకుంటేనే భయమేసింది.

ఫ్రెండ్ దగ్గర మంచి ఇంటర్‌ఫేస్ తెచ్చి రెండుసార్లు డంప్ చేశాను. రెండూ 4104, రెండూ ఒకటే. డెక్స్డ్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, మావయ్యకి హెడ్‌ఫోన్స్ పెట్టాను. కళ్లు మూసుకుని విన్నాక తలూపాడు. అప్పుడే కీబోర్డు విప్పాం.

బ్యాటరీ బోర్డుకి సోల్డర్ చేసి ఉంటుంది. టెక్కలిలో ఒక మెకానిక్ పాతది తీసి, హోల్డర్ పెట్టి కొత్త సీఆర్2032 వేశాడు. ఆన్ చేస్తే మెమరీలో అంతా చెత్త. మెమరీ ప్రొటెక్ట్ ఆఫ్ చేసి బ్యాంక్ వెనక్కి పంపాను. ‘ఎండల మల్’ మళ్లీ కనిపించింది.

“మిగతా పేరు కూడా ఎక్కించరా” అన్నాడు మావయ్య.

“పదే అక్షరాలు మావయ్యా.”