వాల్తేరు మెట్టపై విశ్వకళాపరిషత్తు

విశ్వవిద్యాలయమనగా పట్టములిచ్చు కార్యాలయమని కొందరును, పెద్ద కళాశాల యని కొందరును తలంతురు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పుట్టుకను తెలిసికొనుటకు ఈ రెండు తలపులును చాలవు. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రము లేని దినములలో అది పుట్టినది. మదరాసు రాజధానిలో భాగముగా నున్న తెలుగు జిల్లాల కొరకు మదరాసు శాసనసభ చట్టము చేయగా, 1926 ఏప్రిలు 26వ తేదీన అది వెలసెను. ఆంధ్ర రాష్ట్రము వచ్చినది 1953లో. అనగా దేశపటములో గీతలు పడుటకు ఇరువదియేడు సంవత్సరములు ముందే ఆంధ్రమను పేరు ఒక విద్యాసంస్థ తలుపుపై వ్రాయబడెను. పరిషత్తు ఎక్కడ నుండవలెనను విషయమై అంత తగవు ఏల జరిగినదో ఈ సంగతివలననే బోధపడును.

అంతకుముందు మన కళాశాలలు లేకపోలేదు. రాజమహేంద్రవరము, విజయనగరము, బందరు, కాకినాడలలో పేరుపొందిన కళాశాలలు నడచుచుండెను. అయితే అవి యన్నియు 1857లో స్థాపింపబడిన మదరాసు విశ్వవిద్యాలయము నీడలోనివి. పాఠ్యగ్రంథములు, పరీక్షలు, పట్టములు అన్నియు అక్కడినుండి రావలసినవే. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగిన నాటినుండి ప్రత్యేక రాష్ట్రము, ప్రత్యేక విశ్వవిద్యాలయము అను రెండు కోరికలును జంటగా సాగినవి. వానిలో రెండవదే ముందు ఫలించెను.

ఫలించిన మరునాడే చిక్కు వచ్చెను. రాష్ట్రమున్నచో రాజధాని యుండును. విశ్వవిద్యాలయము సాధారణముగా అచ్చటనే నెలకొనును. రాష్ట్రమే లేనప్పుడు ముఖ్యస్థానమేది? తొలుత బెజవాడలో కార్యాలయము తెరచిరి. అది రైలుమార్గముల కూడలి, జిల్లాల నడుమ నున్నది. రాజమహేంద్రవరమువారు తమ ప్రాచీన విద్యాకీర్తిని చూపిరి. రాయలసీమవారు అనంతపురమును కోరిరి. విశాఖపట్టణమువారికి సముద్రము, చల్లని మెట్ట, విశాలమైన స్థలము నుండెను. తమ యూర రైలు దిగిన విద్యార్థికి ఎదుటనే విశ్వవిద్యాలయము కనబడవలెనని ప్రతి పట్టణమును ఆశించుటలో తప్పు లేదు. కడకు 1930లో పరిషత్తు వాల్తేరు చేరెను. కాని ఈ లోపలనే రాయలసీమ జిల్లాలు మరల మదరాసు విశ్వవిద్యాలయము క్రిందికి పోయినవి. ఆ నొప్పి తేలికైనది కాదు. 1937 నవంబరు 16న కోస్తా, సీమ నాయకులు శ్రీబాగులో కూర్చుండి ఒడంబడిక చేసికొనినప్పుడు, నీటి విషయముతో పాటు విశ్వవిద్యాలయ కేంద్ర విషయము గూడ అందు చేరెను. వాల్తేరుతో బాటు అనంతపురమునను కేంద్రముండవలెనని వ్రాసికొనిరి. విద్యాస్థానమును గూర్చిన తగవు రాష్ట్ర నిర్మాణపు ఒడంబడికలోనికి ఎక్కినదనిన, అది ఎంత లోతైనదో ఊహింపవచ్చును.

వాల్తేరు పక్షమున త్రాసు మొగ్గినదనుటకు స్థల సౌందర్యము కంటె గట్టి కారణములుండెను. వానిలో మొదటిది జయపూరు సంస్థానపు దానము. ఏటేట లక్ష రూపాయలు! ఆనాటి లక్ష ఈనాటి లక్ష కాదని శ్రోతలకు వేరుగా చెప్పనక్కరలేదు. సంస్థానాధిపతి విక్రమదేవవర్మగారు ఓఢ్రదేశపు రాజైనను తెలుగు సాహిత్యమున ప్రీతిగల పండితుడు. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడి జయపూరు అందు చేరినను ఆ పేరు పరిషత్తులో చెరగలేదు. శాస్త్ర, సాంకేతిక కళాశాలకు ఆయన పేరే పెట్టిరి. ఒక భాషవారి పేర వెలసిన సంస్థను పొరుగు భాషవారి రాజు పోషించుట మనము మరువదగినది కాదు.

మొదటి వైస్‌ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు. కేంబ్రిడ్జిలో చదివిన ఈ చిత్తూరు జిల్లా వాస్తవ్యులు ముసలమ్మ మరణము వ్రాసిన కవి, నిర్మొగమాటముగా మాటలాడు విమర్శకులు. ఉప్పు సత్యాగ్రహ కాలమున ప్రభుత్వము సాగించిన దమనకాండకు నిరసనగా వారు పదవిని విడిచిరి. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణగారు వచ్చి 1936 వరకు నుండిరి. అంతవరకు పరీక్షలు జరిపించు సంస్థగా నున్నది, వారి కాలముననే స్వయముగా పాఠములు చెప్పు సంస్థ యయ్యెను. తెలుగు, చరిత్ర, అర్థశాస్త్రములతో తరగతులు మొదలైనవి. ఆ వెనుక శాస్త్ర విభాగములు తెరచిరి. అధ్యాపకుల నెన్నుకొనుటలో ఆయన ప్రాంతమును చూడలేదు. హుమాయూన్ కబీరు, హీరేన్ ముఖర్జీ వంటి వంగ యువకులు ఇచ్చట కొలదికాలము పాఠములు చెప్పిరి. రసాయనశాస్త్రమున టి. ఆర్. శేషాద్రిగారు, భౌతికశాస్త్రమున సూరి భగవంతముగారు పరిశోధనలకు బాట వేసిరి. ఇచ్చట 1940లో గణితమున ఎం.ఏ. పూర్తిచేసిన సి. ఆర్. రావుగారు తరువాత సంఖ్యాశాస్త్రమున ప్రపంచ ఖ్యాతి గడించిరి. పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టి సన్యసించిన స్వామి జ్ఞానానందగారు పరమాణు కేంద్రక భౌతికశాస్త్ర విభాగమును నెలకొల్పిరి. కాషాయము ధరించిన ఆచార్యుడు ప్రయోగశాలలో అణువులను విచారించుచుండుట ఆనాటి విద్యార్థులకు నిత్యదృశ్యము.

1936లో కట్టమంచివారు మరల వచ్చి 1949 వరకు పరిషత్తును నడపిరి. ఈ నడుమ యుద్ధము వచ్చెను. 1942 ఏప్రిలు 6న జపాను విమానములు విశాఖపై బాంబులు వేసినవి. పరిషత్తు గుంటూరునకు తరలిపోయెను. వాల్తేరు భవనములు సైన్యము వశమయ్యెను. పుస్తకములు, పరికరములు పెట్టెల కెక్కి, ఊరుగాని యూర తరగతులు సాగించుట ఎంత ప్రయాసయో చెప్పనలవికాదు. స్థానము కొరకు అంత వాదులాడిన సంస్థ స్థానము లేకయే కొన్ని సంవత్సరములు బ్రతికి యుద్ధానంతరమున తిరిగివచ్చెను.

ఈ మెట్టపై చదువొక్కటే సాగలేదు. రిజిస్ట్రారుగా నుండిన కె. వి. గోపాలస్వామిగారికి నాటకమనిన ప్రాణము. వారు నడపించిన అంతర్ కళాశాలా నాటకపోటీలు తెలుగు నాటకమును పద్యపు రాగాలాపనల నుండి నేటి యిండ్లలోని మాటలవైపు త్రిప్పినవి. గ్రంథాలయాధికారి అబ్బూరి రామకృష్ణారావుగారును నాటక ప్రయోక్తయే. ఒకరు కార్యాలయమును, ఒకరు గ్రంథాలయమును చూచువారు. సాయంకాలమైనచో ఇద్దరి మనస్సును రంగస్థలముపైనే. ఆరుబయట, సముద్రపు గాలిలో, పలుకు కడవరుసకు వినబడునట్లు పలుకుట నేర్చిన యువకులు కొందరు పిదప రేడియో నాటకములకును గొంతునిచ్చిరి. తెలుగు శాఖకు తొలి ఆచార్యులైన పింగళి లక్ష్మీకాంతముగారు సయితము తరువాత విజయవాడ ఆకాశవాణిలో పనిచేసిరి.

భాష విషయమున పరిషత్తు నడచిన త్రోవ తిన్ననిది కాదు. తెలుగు కొరకు పుట్టిన సంస్థలో తెలుగొక పాఠ్యవిషయమే గాని, శాస్త్రములు బోధించు భాష ఇంగ్లీషే. అయినను, వ్యావహారిక భాషకై జీవితమంతయు పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారికి 1938లో కళాప్రపూర్ణ బిరుదమిచ్చి గౌరవించినది ఈ పరిషత్తే. గ్రాంథికమున వ్రాయుచు మేమీ మాట చెప్పుట చూచి పంతులుగారి పక్షమువారు నవ్వుకొందురుగాక!

స్థలనిర్ణయమునకు వాదించినవారు ఊహింపని లాభమొకటి సముద్రమువలన కలిగెను. 1952–53 ప్రాంతమున యూజీన్ లఫాండ్ అను అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు వచ్చి, భూగర్భశాస్త్రాచార్యులు సి. మహదేవన్‌గారితోను విద్యార్థులతోను గూడి బంగాళాఖాతమును కొలువసాగిరి. నౌకాదళపు ఓడలే వారికి ప్రయోగశాలలు. తీరమునకు ఆవల నీటి అడుగున లోతైన లోయలు కనబడగా వానికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణా అను పేర్లు పెట్టిరి. వేసవి ముందు నైరృతి గాలి తీరము వెంబడి వీచునప్పుడు, భూభ్రమణ ప్రభావముచే మీది నీరు గాలి పోవు దిక్కునకు కుడివైపుగా, అనగా ఒడ్డునుండి లోనికి జరుగును. ఆ ఖాళీని నింపుటకు అడుగునుండి చల్లని నీరు పైకి వచ్చును. దానితోబాటు పైకి వచ్చు పోషక ద్రవ్యములవలన సూక్ష్మజీవులు, వానివలన చేపలు వృద్ధిపొందును. ఒడ్డున నిలిచి చేయి ముంచినవారికి నీరు చల్లగా నున్నదని మాత్రమే తెలియును. ఎందుకని అడిగినవారి కొరకు ఈ విభాగము పుట్టినది.

ఆ సముద్రమే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానై వచ్చి పరిషత్తు ఆవరణలోని వృక్షములను పెకలించివేసెను. తరతరముల విద్యార్థులు పుస్తకములు ఒడిలో పెట్టుకొని కూర్చుండిన నీడలు ఒక్కపూటలో పోయినవి. భవనములను బాగుచేయుటకు ధనము చాలును. చెట్టు పెరుగుటకు కాలమే కావలెను.

ఇక పాత తగవుల సంగతి. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసెను. 1967లో గుంటూరులో తెరచిన స్నాతకోత్తర కేంద్రము 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమయ్యెను. అనంతపురమునకు 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము వచ్చినది. బెజవాడకు 1986లో వైద్యవిద్యల విశ్వవిద్యాలయము దక్కెను. రాజమహేంద్రవరమువారు మాత్రము ఎనుబదేండ్లు వేచియుండవలసి వచ్చెను. 2006లో అక్కడ వెలసిన విశ్వవిద్యాలయమునకు ఆదికవి నన్నయ పేరు పెట్టిరి.