జంజీర్‌కు కావలసింది ఇంకో అమితాబ్ కాదు

అమితాబ్ ‘జంజీర్’ను 2013లో మళ్లీ తీస్తే వచ్చిన రామ్‌చరణ్ ‘తుఫాన్’ ఎందుకు ఆడలేదని మదనపల్లె నుంచి కుప్పం దాకా ఏ సినిమా అభిమానిని కదిలించినా వచ్చే జవాబు ఒకటే. “అమితాబ్ చేసిన వేషం ఇంగొకరికి యాడ కుదురుతాది?” ఇంకొందరైతే పేరు కలిసిరాలేదని, ముహూర్తం తేడా కొట్టిందని జాతకాల్లోకి దిగుతారు. ఆడిన సినిమాకూ ఆడని సినిమాకూ కొట్టేది ఒకే కొబ్బరికాయ. ముహూర్తం చూడకుండా మొదలైన సినిమా మన దగ్గర ఒకటైనా ఉందా? ఆ వాదన అక్కడితో వదిలేద్దాం. మొదటి మాటనే పట్టించుకోవాలి, ఎందుకంటే అది చరిత్రకు నిలవదు.

ప్రకాశ్ మెహ్రా తీసిన ‘జంజీర్’ 1973 మేలో వచ్చింది. మరుసటి ఏడాదే ఎస్.డి.లాల్ దాన్ని తెలుగులో ‘నిప్పులాంటి మనిషి’గా తీశారు. హీరో ఎన్.టి.రామారావు. అప్పటికి అమితాబ్ ముప్పై దాటిన కొత్త కుర్రాడైతే, రామారావుకు యాభై దాటాయి. నడకలో, మాటలో, ఒడ్డూ పొడుగులో ఇద్దరికీ పోలికే లేదు. అయినా తెలుగువాళ్లు ఆ సినిమాను నెత్తిన పెట్టుకున్నారు. అదే ఏడాది తమిళంలో ఎంజీఆర్ ‘సిరిత్తు వాళ వేండుం’ చేశారు. 1980లో మలయాళంలో జయన్ ‘నాయాట్టు’ చేశాడు. ఒక మనిషికే కుదిరే వేషమైతే ఏడేళ్లలో ఇన్ని భాషలు దాటేదా?

మన సరిహద్దు ఊళ్లవాళ్లకు ఇది తేలిగ్గా అర్థం కావాలి. కుప్పంలో రైలెక్కితే ఒకవైపు బెంగళూరు, ఇంకోవైపు జోలార్‌పేట. మదనపల్లె, పుంగనూరుల్లో ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు బోలెడు. ఒకే కథ వేరు వేరు భాషల్లో తిరగడం ఇక్కడ వింతేమీ కాదు.

భాష మార్చి తీయడం టమాటా నారు పీకి పక్క మడిలో నాటడం లాంటిది. వేరు తడి ఆరకముందే నాటితే పట్టుకుంటుంది. 1974లో జరిగింది అదే. కాలం మార్చి తీయడం అలా కాదు. నలభై ఏళ్ల తర్వాత నారు ఎక్కడుంటుంది? గింజ వేయాలి. ఇక్కడే చిక్కు. హైబ్రిడ్ కాయలోంచి గింజలు తీసి వేస్తే మొలకైతే వస్తుంది గానీ కాపు తల్లిమొక్కలా ఉండదు, ఒక్కో చెట్టు ఒక్కో తీరుగా కాస్తుంది. అదే కాయ కావాలంటే రెండు తల్లి రకాలను మళ్లీ కొత్తగా కలపాల్సిందే. అందుకే రైతు పంటపంటకూ విత్తనం కొంటాడు. ‘జంజీర్’ అలాంటి సంకరం. ఒక తల్లి సలీం-జావేద్ రాసిన కథ. రెండోది ఆనాటి బొంబాయి.

ఆ కలయిక ఎలా పనిచేసిందో పోలీస్ స్టేషన్ సీనులో చూడండి. జూదం అడ్డా నడిపే షేర్‌ఖాన్ వచ్చి కూర్చోబోతాడు. ఇన్‌స్పెక్టర్ విజయ్ కుర్చీని కాలితో తన్నేస్తాడు. షేర్‌ఖాన్‌గా చేసిన ప్రాణ్ అప్పటికే పెద్ద పేరు. అమితాబ్‌వి వరుసగా పోయిన సినిమాలు. ధర్మేంద్ర, దేవానంద్, రాజ్‌కుమార్ వద్దనుకున్నాకే ఆ వేషం అతని దగ్గరికొచ్చింది. ఈ బక్కపలచని పిల్లవాడు ప్రాణ్ కూర్చోబోయే కుర్చీని తన్నాడేమిటి, ఇప్పుడేమవుతుంది అని హాలు గుండె ఆగిపోతుంది. బలం తక్కువైనవాడు భయపడకపోవడంలో ఉంది ఆ సీను సత్తువంతా. తమిళంలో ఇన్‌స్పెక్టరూ ఎంజీఆరే, షేర్‌ఖాన్ లాంటి రెహమానూ ఎంజీఆరే. అక్కడ ఆ హెచ్చుతగ్గులు పూర్తిగా మాయమై, వినోదం వేరే దారి పట్టింది. 2013 నాటికి రామ్‌చరణ్ ‘మగధీర’ హీరో. అతను కుర్చీ తంతాడని టికెట్టు కొన్న ప్రతివాడికీ ముందే తెలుసు. అది నటుడి తప్పు కాదు. తెలిసిన సీనును తెలిసినట్టే పెట్టడం తప్పు.

మరి రెండో తల్లి, నగరం? దర్శకుడు అపూర్వ లాఖియా ఒక పని బాగా చేశాడు. పాత స్మగ్లింగును వదిలి ఆయిల్ మాఫియాను తెచ్చాడు. 2011 జనవరిలో మన్మాడ్ దగ్గర అదనపు కలెక్టర్ యశ్వంత్ సోనావణేను చమురు కల్తీ ముఠా సజీవంగా కాల్చేసిన దేశంలో అది సరైన ఎంపిక.

తర్వాత మాల పాత్రను చేజార్చుకున్నాడు. పాత సినిమాలో జయభాదురి చేసిన మాల వీధుల్లో కత్తులకు సాన పట్టే పిల్ల. లారీ కింద పడి బడిపిల్లలు చనిపోవడం కళ్లారా చూస్తుంది, నోరు మూసుకోవడానికి డబ్బు తీసుకుంటుంది. విజయ్ ఆమెను శవాల గదికి తీసుకెళ్లి ఆ పిల్లల్ని చూపిస్తాడు. ఆమె కూలిపోతుంది, సాక్ష్యం చెబుతుంది, ఆ తర్వాత ఆమె ప్రాణం అరచేతిలోనే. నగరమంటే ఎత్తు మేడలు కావు, ఈ పిల్ల. రోజు కూలి, రోజు భయం, పారిపోవడానికి ఇంకో ఊరు లేదు. కొత్త సినిమాలో ప్రియాంకా చోప్రా మాల న్యూయార్క్ నుంచి పెళ్లికి వచ్చి హత్య చూస్తుంది. విమానం ఎక్కితే చాలు, ఆమె కష్టం తీరిపోతుంది. విజయ్ కోపానికి కారణం కావలసిన మనిషి అక్కడ లేకుండా పోయింది.

మొదటి తల్లి పేరు కూడా ఎవరికీ గుర్తులేనట్టే నడిచింది వ్యవహారం. ‘జంజీర్’ పోస్టర్లపై తమ పేర్లు లేవని సలీం-జావేద్ అప్పట్లో మనిషిని పెట్టి బొంబాయంతా పేర్లు రాయించుకున్నారు. నలభై ఏళ్ల తర్వాత కథ హక్కు కోసం కోర్టుకెక్కారు.

2013 సెప్టెంబరు 6న ‘తుఫాన్’ విడుదలైనప్పుడు మన ప్రాంతం సమైక్యాంధ్ర బందులతో అట్టుడుకుతోంది కదా అని ఒక మాట వినబడుతుంది. వసూళ్లకు అది దెబ్బే, ఒప్పుకుంటాను. మరి ఏ బందూ లేని బొంబాయిలో అదే సినిమా హిందీలో ఎందుకు పోయింది? షేర్‌ఖాన్‌గా తెలుగుకు శ్రీహరిని, హిందీకి సంజయ్ దత్‌ను పెట్టేంత శ్రద్ధ చూపినవాళ్లు మాల గురించి అంత ఆలోచించలేదు.

రేపు ఎవరో ‘జంజీర్’ మళ్లీ తీస్తారు, తీయాలి కూడా. ఆ వార్త వచ్చినప్పుడు హీరో ఎవరని అడగకండి. మాల ఏ వీధిలో, ఏ పని చేసుకుని బతుకుతోందో అడగండి.