రెండు కార్ల త్వరణము



ఉప్పలు కూడలినుండి వరంగల్లు పోవు బాటమీదగాని, హబ్సిగూడనుండి మా నాచారము వచ్చు దారిమీదగాని సాయంవేళ నిలుచుండి చూచినచో, ఎఱ్ఱదీపము పచ్చనగుటతోడనే బాణమువలె ముందునకు దుముకు చిన్న కార్లు కొన్ని కానవచ్చును. చూపునకవి తక్కిన చిన్న కార్లవంటివే. వెనుకతలుపు అద్దముతోగూడ పైకి లేచును. సామానుపెట్టె వేఱుగా వెనుకకు పొడుచుకొని యుండదు. ఇట్టి కట్టడము గల కారును హ్యాచ్‌బ్యాక్ అందురు. ఆ చిన్న దేహములో బలమైన యంత్రము నమర్చిన యెడల దానికి హాట్ హ్యాచ్‌బ్యాక్ అని పేరు. ఇచ్చట వేడి యనగా ఉష్ణము కాదు, దుడుకుతనము.

మా వీథిలోని పెద్దలొకరు నన్నొకనాడు అడిగిరి: "పంతులుగారూ, మా మనుమడు పాతకారు కొనెదనని పట్టుపట్టినాడు. ఒకటి ఏడుచిల్లర సెకన్లట, మఱియొకటి ఎనిమిదిచిల్లరయట. ఈ చిల్లరకొఱకు పొలము డబ్బు పోయవలెనా?" ప్రశ్న న్యాయమైనది. పొలమమ్మిన డబ్బు మరల రాదు. కుఱ్ఱవాని ప్రాణమును అంతే. కావున ఆ చిల్లర యెట్టిదో విచారింతము.

వారు చెప్పిన రెండు బండ్లలో మొదటిది ఫియట్ వారి ఆబర్త్ పుంటో. 2015లో మన దేశమున అమ్మకమునకు వచ్చినది. పూనాకు సమీపమున రంజన్‌గావ్‌లో తయారైనది. 1.4 లీటర్ల యంత్రము, 145 అశ్వశక్తి; నిలకడనుండి గంటకు నూరు కిలోమీటర్ల వేగమందుకొనుటకు 8.8 సెకన్లని తయారుచేసినవారి మాట. రెండవది ఫోక్స్‌వ్యాగన్ వారి పోలో జీటీఐ. 2016లో విదేశమునుండి దిగుమతియై వచ్చినది. 1.8 లీటర్లు, 192 అశ్వశక్తి, 7.2 సెకన్లు. ఇప్పుడు రెండింటిలో ఏదియు క్రొత్తది దొరకదు. చేయి మాఱినవే కొనవలెను.

నేను తర్కసంగ్రహము చదువుకొన్ననాడు వేగము సంస్కారభేదములలో నొకటియని వల్లించితిని. భౌతికశాస్త్రమువారు చెప్పు త్వరణము అది కాదు. ఎంత వడిగా పోవుచున్నదనునది వేగము. ఆ వేగము ఎంత వడిగా పెరుగుచున్నదనునది త్వరణము. ఈ రెంటిని కలిపివేయుటచేతనే వాదములన్నియు పుట్టుచున్నవి. ఆబర్త్ బండి సగటున సెకను సెకనునకు తన వేగమునకు 11.4 కిలోమీటర్లు కలుపుకొనును. పోలో బండి 13.9. రెండును ఒక్క గీతనుండి బయలుదేరినచో, పోలో నూరందుకొను క్షణమున ఆబర్త్ ఎనుబది దాటియుండును. వెనుకబాటు సుమారు పదునెనిమిది మీటర్లు, అనగా నాలుగు కార్లు వరుసగా నిలిపినంత. త్వరణము ఆద్యంతము సమముగా నున్నదని భావించి వేసిన లెక్క యిది. నిజమునకు మొదట హెచ్చుగా నుండి పోనుపోను తగ్గును.

ఇక ఒక చిక్కు. పోలోకు బలము మూడింట నొకవంతు హెచ్చుగదా. కాలము మాత్రము ఐదింట నొకవంతుకన్న తక్కువే తగ్గినదేల? దీనికి సమాధానము మన బండివారికి తెలిసినదే. ఎడ్లబండికి వెనుక బరువు హెచ్చినచో కాడి పైకి లేచును, ఎడ్లకు పట్టు తప్పును. కారు ఒక్కుమ్మడిగా ముందునకు దుమికినపుడును బరువు వెనుకకు జరుగును. ఈ రెండు కార్లను లాగునవి ముందుచక్రములు. సరిగా బలము కావలసిన వేళనే వానికి నేలపై పట్టు సడలును. అప్పుడు యంత్రములో నెంత బలమున్నను చక్రము గిఱగిఱ తిరిగి టైరు అరుగునేగాని బండి కదలదు. కావున మొదటి సెకనులో నలువది యేడు అశ్వముల హెచ్చు చాలవఱకు నిరుపయోగము.

పోలో గెలుపునకు వేఱు కారణములు గలవు. రెండింటను టర్బో యను చక్రమొకటి కలదు. వెలికిపోవు పొగ దానిని త్రిప్పును. అది కొలిమితిత్తివలె గాలిని యంత్రములోనికి ఒత్తి కూరును. తిత్తి నిండుటకు కొంత సేపు పట్టినట్లే దీనికిని పట్టును. పోలోలో ఆ బలము నిమిషమునకు 1250 చుట్లకే పూర్తిగా అందును. ఆబర్త్‌లో 2000 చుట్లు రావలెను. అదియునుగాక పోలోకు రెండు క్లచ్చులు గల యేడు గేర్ల పెట్టె. ఒక గేరు లాగుచుండగనే రెండవది సిద్ధమై యుండును, లాగుడు తెగదు. ఆబర్త్‌కు ఐదు గేర్లు, చేతితో మార్చవలెను. మార్చిన ప్రతిసారి బండి ఊపిరి బిగబట్టినట్లగును. చేయి తిరిగినవాడు నడిపినచో 8.8, మా వీథి కుఱ్ఱవాడు నడిపినచో ఎంతయో చెప్పజాలను.

ధర సంగతి. వచ్చిననాడు ఆబర్త్ వెల 9.95 లక్షలు, పోలో వెల 25.65 లక్షలు. తేడాను 1.6 సెకన్లకు పంచినచో సెకనునకు ఇంచుమించు పది లక్షలు పడును! అయితే ఆ సొమ్మంతయు త్వరణమునకే పోయినదనుట న్యాయము కాదు. దిగుమతి సుంకము అందు పెద్దపాలు.

ఆ పెద్దలకు నేను ముఖ్యముగా చెప్పినది మఱియొకటి. పరుగెత్తుటలో ఈ బండ్లకు భేదము కలదు. నిలుచుటలో దాదాపు లేదు. నిలుపునది యంత్రము కాదు, బ్రేకును, టైరునకు నేలకును గల రాపిడియును. మంచి టైర్లు, పొడి తారుబాట యైనను, నూరు వేగములో నున్నది బ్రేకు పట్టినపిదప నలువదియైదు మీటర్లు సాగును. కన్ను చూచి కాలు కదలులోపల గడచు ఒక సెకనులోనే మఱి యిరువదియెనిమిది మీటర్లు. అదే యేబది వేగమైనచో బ్రేకు దూరము నాల్గవవంతే. ఉప్పలు కూడలిలో 2023లో నడకదారులకై ఆకాశమార్గము వేసిరి; నారపల్లి వైపు 2018లో మొదలైన పైవంతెన పని స్తంభములు నడుబాట నిలిచి ఏండ్ల తరబడి సాగినది. అట్టి దారిలో డెబ్బదిమూడు మీటర్లలోపల బడిపిల్లయో, పాలసైకిలో, ఆటోయో అడ్డురాకుండునా?

కుఱ్ఱవాడు ఏ బండి కొన్నను మొదట చూడవలసినవి టైర్ల అరుగుదల, బ్రేకు పళ్లెములు, టర్బో యొద్ద నూనె కారుచున్నదా యనునది. 7.2యో, 8.8యో తానే తేల్చుకొనదలచినచో మద్రాసువద్ద శ్రీపెరుంబుదూరు చెంతను, కోయంబత్తూరునందును పందెపుబాటలు కలవు; శిరస్త్రాణము ధరించి అచ్చట గడియారము పట్టవచ్చును.